గులాబీకి పేనుబంక: మీరు ఏరి చంపింది మిత్రపురుగుల్నే

ప్రశ్న: మేడమీద కుండీల్లో 18 కడియం గులాబీలు పెంచుతున్నాను. సంక్రాంతి ముందు నుంచి చిగుళ్లకు, మొగ్గల కాడలకు ఆకుపచ్చని చిన్న పురుగులు గుంపులుగా పట్టాయి. ఆకులు బంకబంకగా ఉండి, మసి పూసినట్టు నల్లబడుతున్నాయి. చీమలు ఎక్కుతున్నాయి. నల్లటి ఒంటిపై నారింజ మచ్చలున్న ముళ్ల పురుగులు కనిపిస్తే ఏరి చంపేశాను. పది రోజులకోసారి చెంచాడు యూరియా వేస్తున్నాను. షాపులో ఇమిడాక్లోప్రిడ్ కొట్టమన్నారు. రేకులతో గుల్కంద్ చేసుకుంటాం, కొట్టవచ్చా?
– ఒక గృహిణి, మదనపల్లె

జవాబు: అమ్మా, మీరు రాసినవన్నీ పేనుబంక లక్షణాలే. ఇమిడాక్లోప్రిడ్ మాత్రం వద్దు. అది మొక్క రసంలోకి ఎక్కే మందు. పుప్పొడిలోకి చేరి తేనెటీగలకు చేటు చేస్తుంది. నోట్లో పెట్టుకునే రేకులకైతే అసలే వద్దు.

మీరు చంపిన ఆ ముళ్ల పురుగులు అక్షింతల పురుగు పిల్లలు. పెద్దయ్యాక గుండ్రంగా, మచ్చలతో ముచ్చటగా ఉంటుంది కనుక దాన్ని ఎవరూ చంపరు. పిల్లదశలో పొడుగ్గా, గరుగ్గా ఉండేసరికి చీడ అనుకుంటాం. రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తినేది ఆ పిల్లలే. ఇకమీదట కనిపిస్తే ముట్టుకోకండి. గుంపులో ఉబ్బి, గోధుమరంగు గింజల్లా కదలకుండా అతుక్కున్నవి కూడా ఉంటాయి, దగ్గరగా చూడండి. చిన్న కందిరీగ లోపల గుడ్డు పెట్టిన పేనుబంకలవి. వాటిలోంచి మళ్లీ కందిరీగలే వస్తాయి కాబట్టి ఆ ఆకులను తుంచకండి.

మీ 18 కుండీలకు నీళ్లే మంచి మందు. మిత్రపురుగులు లేని చిగురు చూసి, వంగకుండా వెనక చెయ్యి ఆనించి, పైపు నీళ్లు కింది నుంచి పైకి జోరుగా కొట్టండి. ఊడిపడినవి చాలావరకు మళ్లీ మొక్కెక్కలేవు. ఈ పని పొద్దున్నే చేయాలి. సాయంత్రం తడిపితే ఆకు రాత్రంతా ఆరక నల్లమచ్చ తెగులు వస్తుంది. రోజు విడిచి రోజు, కనీసం నాలుగుసార్లు కొట్టండి. పేనుబంక ఆడపురుగులు మగతో పనిలేకుండానే పిల్లల్ని పెడతాయి, ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. ఒక్కసారి కడిగి ఊరుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

అప్పటికీ మిగిలితే డబ్బాపై 1500 పి.పి.ఎం. అని రాసి ఉన్న వేపమందు లీటరు నీటికి 5 మి.లీ. కలిపి, ఎండ తగ్గాక, చీకటి పడేలోగా ఆకు ఆరేటట్టు, చిగుళ్ల అడుగు తడిసేలా పిచికారీ చేయండి. వేప వెంటనే చంపదు, నాలుగైదు రోజులు ఓపిక పట్టండి.

చీమల సంగతి చూడకపోతే ఈ కష్టమంతా వృథా. పేనుబంక వదిలే తీపి బంక కోసం అవి కాపలా కాస్తూ అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. వెడల్పాటి పళ్లెంలో ఇటుక పెట్టి దానిపై కుండీ ఉంచి, ఇటుక మునగకుండా నీళ్లు పోయండి. దోమలు పెరగకుండా రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. ఒక్క కొమ్మ గోడకు తగిలినా చీమలకు అదే వంతెన, దాన్ని కత్తిరించండి.

యూరియా ఆపండి. నత్రజని ఎక్కువైతే చిగురు మెత్తగా, రసంతో వస్తుంది, పేనుబంకకు కావలసింది అదే. బదులుగా నెలకోసారి కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు.

ఆకులపై మసి ఆ తీపి బంక మీద పెరిగిన బూజే, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. మొగ్గలు విచ్చుకోక రేకుల అంచులు మాడినట్టయితే అది తామర పురుగు కావచ్చు. దానికి ఈ నీళ్లు చాలవు, అప్పుడు మళ్లీ రాయండి.