రెండు నెలలుగా గొంతు బొంగురు: నాటకం ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి. వయసు 47. పద్య నాటకాలు వేస్తాను, పరిషత్తులకు నాటికలు రాస్తాను. జాతరల సీజన్లో శ్రీకాకుళం పల్లెల్లో వరసగా ప్రదర్శనలుంటాయి, భోజనం అర్ధరాత్రి దాటాకే. మిగతా రోజుల్లో రాత్రి పదింటికి రాయడానికి కూర్చుంటే రెండవుతుంది. పక్కన టీ, బీడీ ఉండాలి. ప్రతి డైలాగూ ఆ పాత్ర గొంతులో పైకి చదువుకోందే నాకు కలం కదలదు. రెండు నెలలుగా గొంతు బొంగురు, పై శ్రుతి అందడం లేదు. పొద్దున లేస్తే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. మిరియాలు, పటికబెల్లం వాడుతున్నాను. చైత్రంలో నాటకం ఒప్పుకున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు స్కోపు (సన్న కెమెరాతో గొంతు లోపల చూసే పరీక్ష), తర్వాతే నాటకం. మూడు వారాలు దాటిన బొంగురును జలుబు ఖాతాలో వేయకూడదు. అందులోనూ మీకు బీడీ ఉంది. స్వరపేటిక క్యాన్సర్ చాలామందిలో మొదట బయటపడేది బొంగురుతోనే, తొందరగా పట్టుకుంటే బాగా నయమవుతుంది కూడా. అటు బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీలో గానీ, ఇటు శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో గానీ ఈఎన్‌టీ వాళ్లకు ఈ వారమే చూపించండి. నటుడినని చెప్పండి. ఆయాసం, కళ్లెలో రక్తం, మెడలో గడ్డ, మింగితే నొప్పి ఉంటే వారం కూడా ఆగొద్దు.

మీరు రాసింది చూస్తే నాకు ఎక్కువ అనుమానం స్వరతంత్రుల (గొంతులో అదిరి శబ్దం పుట్టించే రెండు మడతల) మీద కాయల గురించే. మామూలుగా మాట్లాడేటప్పుడే మగవారి తంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. రాగం పైకి తీస్తే ఇంకా ఎక్కువ. పార పట్టిన అరచేయి కాయ కాసినట్టే, తగిలి తగిలి ఆ అంచున ఆవగింజంత బుడిపె లేస్తుంది. ఇక అంచులు పూర్తిగా మూసుకోవు, సందులోంచి గాలి జారిపోతుంది. పై శ్రుతి అందనిది అందుకే.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది పైకి చదువుకోందే కలం కదలదన్న మాట. స్టేజీ లేని రాత్రి గొంతుకు విశ్రాంతేనని మీరు అనుకుంటున్నారు. కాదండీ. నాలుగు గంటలు, నాలుగు పాత్రల గొంతులు! ఇంట్లోవాళ్లు లేస్తారని గుసగుసగా చదివినా లాభం లేదు, కండరాలు బిగిసి గొంతు ఇంకా అలుస్తుంది. ఆ అలవాటు మానేయమనడానికి నాకు మనసొప్పదు, చెవికి ఆనని డైలాగు స్టేజీ మీద నిలవదు. సీను పూర్తయ్యాక ఒక్కసారి మామూలు గొంతుతో ఫోనులో రికార్డు చేసుకుని, దిద్దుబాట్లన్నీ వింటూ చేయండి. మీ బృందంలో కుర్రాళ్లతో చదివించుకుంటే మరీ మంచిది.

పొద్దున అడ్డం పడ్డట్టుండటం కడుపులోని పుల్లటి రసం ఎగదన్నడం వల్ల కావచ్చు. తిన్న మూడు గంటల దాకా పడుకోకండి. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తండి. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్లు మింగండి. బీడీ మానాల్సిందే, టీ తగ్గించండి.

మిరియాలు, పటికబెల్లం నోటికి హాయి. కానీ మింగింది అన్నవాహికలోకి పోతుంది, తంత్రులుండేది గాలిగొట్టం పైన. వాటిని నేరుగా చేరేది ఆవిరే. బామ్ కలపకుండా, ఉత్త వేణ్ణీళ్ల ఆవిరి పట్టండి.

కాయలే అయితే చాలామందికి కోత లేకుండా, కొన్ని వారాల వాయిస్ థెరపీతో (గొంతు అలవకుండా వాడటం నేర్పే శిక్షణతో) తగ్గుతాయి. ప్రదర్శన రోజు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుని స్టేజీ ఎక్కేవాళ్లున్నారు. వాపు తగ్గగానే గట్టిగా పాడేస్తారు, తంత్రిలో రక్తం చిమ్మే ప్రమాదముంది. దయచేసి ఆ పని చేయకండి. డాక్టరు సరేనంటేనే చైత్రం నాటకం. అప్పుడు కూడా హార్మోనియం ఆయనకు చెప్పి శ్రుతి దించుకోండి, రాగం కురచ చేయండి. వన్స్‌మోర్ అంటే ఈ ఏడాదికి దండం పెట్టి ఊరుకోండి.