ఆదివారం కంప్యూటర్ తెరవకు, కాగితం తీసుకో

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఆర్డర్లు, స్టాకు, బాకీలు అన్నీ పదకొండు ఎక్సెల్ షీట్లలో చెల్లాచెదురుగా ఉన్నాయనీ, ఈ ఆదివారం కూర్చుని కోడింగ్ లేకుండా ఒక వెబ్ యాప్ కట్టేస్తాననీ రాశావు. కట్టగలవు, నాకు అనుమానం లేదు. కానీ ఆదివారం కంప్యూటర్ జోలికి వెళ్లకు. ఆ రోజుకి ఒక పెద్ద కాగితం, పెన్సిలు, రబ్బరు చాలు.

నేను ఈ పనిలోకి దిగిన కాలంలో సమాచారాన్ని పట్టికలుగా దాచుకునే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అప్పుడే వచ్చింది, 1992లో. ఫైలు ఒక కంప్యూటర్‌లో ఉండేది, పక్క గదిలోవాళ్లు చూడాలంటే నానా తంటాలు. ఇప్పుడు ఎయిర్‌టేబుల్, జోహో క్రియేటర్, క్విక్‌బేస్, క్యాస్పియో, యాప్‌షీట్ లాంటి, కోడ్ రాయకుండా ఇలాంటి యాప్‌లు కట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నాయి. బ్రౌజర్ తెరిస్తే చాలు, పదిమంది పది చోట్ల నుంచి ఒకే రికార్డుల మీద పనిచేసుకోవచ్చు. పనిముట్లు ఇంత మారినా అడుగున ఉన్న ఆలోచన మాత్రం ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ఒక వ్యాసంలో చెప్పినదే. సమాచారాన్ని టేబుళ్లుగా పెట్టుకోవడం, ఒక్కో సంగతిని ఒక్కచోటే రాసుకోవడం, కావలసినప్పుడు ఒకదానితో ఒకటి కలుపుకోవడం. కోడ్ రాసే పని ఆ సాఫ్ట్‌వేర్లు చేసిపెడతాయి. ఏ టేబుళ్లు కావాలో, దేనికి దేనితో సంబంధమో తేల్చే పని మాత్రం నీదే.

ఎక్సెల్‌తో ఇబ్బంది ఏమిటో నీకు తెలుసు. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ కేసులు 15,841 లెక్కలోకి రాకుండా కొన్నాళ్లు ఆగిపోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరసలకు మించి పట్టవు, మిగిలినవి జారిపోయాయి. నీకు అంత డేటా లేదు, నీ ఇబ్బంది వేరు. ఒకే కస్టమర్ పేరు మూడు షీట్లలో మూడు స్పెల్లింగులతో ఉంది, అందుకే అతని బాకీ మూడు ముక్కలైంది.

కాగితం మీద ముందు మూడు డబ్బాలు గీయి, ఒక్కో డబ్బా ఒక టేబుల్: కస్టమర్లు, సరుకులు, ఆర్డర్లు. ఇక్కడిదాకా అందరూ వస్తారు. తర్వాత చాలామంది ఆర్డర్ టేబుల్లో సరుకు-1, సరుకు-2, సరుకు-3 అని మూడు కాలమ్‌లు పెట్టేస్తారు. ఒక రోజు నాలుగో సరుకు అడిగే కస్టమర్ వస్తాడు, ఇంకో కాలమ్ చేరుస్తారు. ఏడాది తిరిగేసరికి ఇరవై కాలమ్‌లు, అందులో పదహారు ఖాళీ. ఫలానా బేరింగ్ ఈ నెలలో ఎన్ని పోయాయో చెప్పమంటే ఇరవై కాలమ్‌లూ వెతకాలి. ఒక ఆర్డర్‌లో ఎన్నో సరుకులు ఉంటాయి, ఒక సరుకు ఎన్నో ఆర్డర్లలో ఉంటుంది. సంబంధం ఇలా రెండువైపులా ‘ఎన్నో’ అయితే మధ్యలో నాలుగో డబ్బా రావాలి. దానికి ‘ఆర్డర్ లైన్లు’ అని పేరు పెట్టుకో. ఒక్కో వరసలో ఏ ఆర్డర్, ఏ సరుకు, ఎన్ని, ఏ ధరకు అన్నవి ఉంటాయి.

ఆ చివరి మాట, ఏ ధరకు అన్నది, నాకు మూడు రాత్రుల నిద్ర లేకుండా చేసింది. ఒక టోకు వ్యాపారికి ఆర్డర్ల యాప్ కట్టి ఇచ్చాను. ఆర్డర్ లైన్‌లో ధర కాలమ్‌ని సరుకుల టేబుల్ నుంచి లుకప్‌గా తెచ్చాను, అంటే అక్కడున్న ధరే ఇక్కడ కనబడేలా పెట్టాను. ఎవరూ ధర టైపు చేయనక్కర్లేదు, తప్పు పడదు అనుకున్నాను. ఎనిమిది నెలలు బాగా నడిచింది. ఒక ఉదయం వాళ్లు ధరలు మార్చారు, 400 ఉన్నది 460 చేశారు. మధ్యాహ్నం అకౌంటెంటు ఒక పాత బిల్లు తెరిచి, వచ్చిన చెల్లింపుతో సరిపోవడం లేదని ఫోన్ చేశాడు. 12 బేరింగుల బిల్లు, అందిన డబ్బు 4,800, స్క్రీన్ మీద 5,520. ఇంకోటి తెరిచాం, అదీ అంతే. ఎనిమిది నెలల బిల్లులన్నీ ఆ ఉదయం కొత్త ధరకు మారిపోయి కూర్చున్నాయి. అచ్చు వేసిన కాపీలు ఉండబట్టి సరిపోయింది. వాటిని ముందు పెట్టుకుని ఒక్కో లైనూ దిద్దుకుంటూ వచ్చాం.

కాబట్టి ‘అమ్మిన ధర’ అని ఆర్డర్ లైన్‌లోనే ఒక మామూలు సంఖ్యా ఫీల్డ్ (అంటే ఒక కాలమ్) పెట్టు. ఆర్డర్ రాసే క్షణంలో సరుకుల టేబుల్లోని ధర అందులోకి కాపీ కావాలి, ఆ తర్వాత దానితో తెగతెంపులు. లుకప్ ఎప్పుడూ నేటి విలువ చూపిస్తుంది. బిల్లుకు కావలసింది ఆనాటి విలువ. పన్ను రేటుకీ, సరుకు పంపిన చిరునామాకీ ఇదే వర్తిస్తుంది. ఒక్కో ఫీల్డ్ దగ్గరా ఆగి, ‘రేపు ఇది మారితే పాత రికార్డులు కూడా మారాలా?’ అని అడుగు. కస్టమర్ ఫోన్ నంబరైతే మారాలి, బిల్లు మొత్తమైతే మారకూడదు.

స్టాకు సంగతి కూడా ఇలాంటిదే. ‘ఇప్పుడు ఉన్నవి’ అని ఒక గడి పెట్టి దాన్ని అందరూ దిద్దుకుంటూ పోతే, లెక్క తప్పిన రోజు ఎక్కడ తప్పిందో కనిపెట్టలేవు. వచ్చినవి, పోయినవి, వాపసు వచ్చినవి, పాడైనవి అన్నీ తేదీతో సహా ఒక్కో వరసగా రాయించు. ఉన్న సంఖ్య ఆ వరసల కూడికగా దానంతట అదే రావాలి. గోడౌన్‌లో లెక్కపెట్టినప్పుడు రెండు తక్కువ వస్తే, ఆ రెండింటినీ ‘సవరణ’ అని మరో వరసగా రాయి. పాతదాన్ని చెరపవద్దు.

చిన్న చిన్నవి కొన్ని. ఫోన్ నంబర్లు టెక్స్ట్‌గా ఉంచు, సంఖ్యగా పెడితే ముందున్న సున్నా పోతుంది. షీట్లలోని తేదీలు ఇంపోర్ట్ చేసేముందు ఒకే పద్ధతికి తీసుకురా, 03/04 అంటే మార్చి నాలుగో ఏప్రిల్ మూడో యాప్‌కి తెలియదు. ప్రతి రికార్డుకీ యాప్ ఇచ్చే వరస నంబరే గుర్తుగా ఉండాలి. పేరునో ఫోన్ నంబరునో గుర్తుగా పెట్టుకోకు, అవి మారతాయి. కస్టమర్ మానేస్తే రికార్డు డిలీట్ చేయకుండా స్టేటస్ మార్చు. లేకపోతే అతని పాత ఆర్డర్లు అనాథలవుతాయి.

ఫారాల విషయంలో నాకు బుద్ధి చెప్పింది ఒక ఆర్డర్ క్లర్కు. ఆమె ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో మౌస్, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని కూర్చునేది. నేను చేసిన ఫారంలో తప్పనిసరి ఫీల్డ్‌లు పద్నాలుగు. అవతలి మనిషి ఎదురుచూస్తుంటే పద్నాలుగు ఎలా నింపుతుంది? నోటుబుక్కులో రాసుకుని సాయంత్రం టైపు చేసేది, సగం మరిచిపోయేది. ఆమె పక్కన ఒక పూట కూర్చున్నాక ఐదు ఫీల్డ్‌లే మిగిల్చాను. నువ్వు కూడా ఆర్డర్లు రాసే మనిషి పక్కన కూర్చో. మాట్లాడకుండా చూడు. ఎక్కడ చెయ్యి ఆగుతోందో అక్కడ నీ ఫారం తప్పు.

ఇక పర్మిషన్లు, అంటే ఎవరు ఏది చూడొచ్చు, మార్చొచ్చు అన్నది. ఇది తేలిగ్గా తీసుకోకు తల్లీ. 2021లో, ఇలా కోడ్ లేకుండా యాప్‌లు కట్టే మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్‌తో కట్టిన పోర్టళ్ల నుంచి 3.8 కోట్ల రికార్డులు ఎవరైనా చూసేలా బయట ఉన్నట్టు తేలింది. ఎవరూ తాళాలు పగలగొట్టలేదు. టేబుల్ పర్మిషన్ల సెట్టింగు ఆన్ చేయకుండా వదిలేశారు, అంతే. పేజీలో కాలమ్ కనబడకుండా దాచడం వేరు, ఆ మనిషికి దాన్ని చదివే అధికారం లేకుండా చేయడం వేరు. అందరికంటే తక్కువ అధికారం ఉన్న ఒక ఉత్తుత్తి యూజర్‌ని తయారుచేసి, నువ్వే ఆ పేరుతో లాగిన్ అవ్వు. సెర్చ్ చేసి చూడు, ఎక్స్‌పోర్ట్ నొక్కి చూడు, ఇంకో కస్టమర్ రికార్డు లింకు నేరుగా పేస్ట్ చేసి చూడు. కనబడకూడనిది కనబడితే ఆ రోజు యాప్ ఎవరికీ ఇవ్వకు.

ఆటోమేషన్లు, అంటే ఏదైనా జరిగినప్పుడు యాప్ తనంతట తానే చేసే పనులు, ఒక్కొక్కటిగా పెట్టు. రికార్డు మారినప్పుడు నడిచేది ఆ రికార్డునే మార్చిందంటే, మళ్లీ అదే నడుస్తుంది, అలా తిరుగుతూనే ఉంటుంది. మెయిళ్లు మొదటి వారమంతా నీ అడ్రసుకే వెళ్లేలా పెట్టుకో.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని నువ్వు మొట్టమొదట అడిగావు, నేను కావాలనే చివరికి ఉంచాను. కాగితం మీద బొమ్మ సరిగ్గా ఉంటే వీటిలో చాలావాటితో పని జరుగుతుంది. డబ్బు యూజర్ల లెక్కన తీసుకుంటారా రికార్డుల లెక్కన తీసుకుంటారా అన్నది చూడు. నీకు మనుషులు తక్కువ, ఆర్డర్ లైన్లు ఎక్కువ. సీఎస్‌వీగా, అంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ పట్టికగా, ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు అటాచ్‌మెంట్లు కూడా వస్తాయో లేదో చెక్ చెయ్యి. ఫార్ములాలు, ఆటోమేషన్లు, పర్మిషన్లు సీఎస్‌వీలో రావు. అందుకే ఆ కాగితం పారేయకు, యాప్ మారినప్పుడల్లా దాన్నీ దిద్దు. బేస్‌రో, నోకోడీబీ లాంటివి సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. కానీ బ్యాకప్‌లూ అప్‌డేట్‌లూ చూసుకునే మనిషి నీ దగ్గర లేడు, ఇప్పటికి వద్దు.

మొదట ఆర్డర్లు మాత్రమే పెట్టు, బాకీలూ స్టాకూ తర్వాత. రెండు వారాలు పాత షీట్ కూడా పక్కనే నడవనీ, సాయంత్రం రెండిటి మొత్తాలూ సరిచూడు.

ఆదివారం రాత్రికి ఆ నాలుగు డబ్బాలూ గీసి, ఒక్కోదానిలో ఫీల్డ్‌ల పేర్లు రాసి, ఫోటో తీసి పంపించు. సోమవారం పొద్దున్నే చూసి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మావయ్య