ఆల్ సీజన్ టైర్లు కొనాలా, రెండు సెట్లు పెట్టుకోవాలా? ముందు మీ కిలోమీటర్లు లెక్క చూద్దాం

ఒక పాఠకుడు రాసిన ప్రశ్న ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను: "నా కారు టైర్లలో ట్రెడ్, అంటే రోడ్డుకు తాకే గాడుల లోతు, 3 మిల్లీమీటర్లే మిగిలింది. చలికాలం ఇంకో మూడు నెలల్లో వస్తుంది. మా దగ్గర వాన, చలి ఎక్కువ, మంచు ఏడాదికి కొద్ది రోజులే పడుతుంది. ఏడాదికి 14,000 కిలోమీటర్లు తిరుగుతాను, ఈ కారును ఇంకో నాలుగేళ్లు ఉంచుకుంటాను. షాపువాళ్లు వేసవికి ఒక సెట్టు, చలికాలానికి ఒక సెట్టు తీసుకోమంటున్నారు. తెలిసిన డ్రైవర్లను అడిగితే ఒకరు ఏడాదంతా ఒకే సెట్టుగా వాడుకునే ఆల్ సీజన్ టైర్లు బ్రహ్మాండం అన్నారు, ఇంకొకరు ఏడాదిన్నరకే హోరు మొదలైందన్నారు, మరొకరు ఐసు మీద కారు జారిపోయిందని వద్దంటే వద్దన్నారు. చవక సెట్టు తీసుకోవాలా, మంచిది వాయిదాల్లో తీసుకోవాలా? ఎమర్జెన్సీ ఫండులో నాలుగు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది, దాన్ని ముట్టుకోవడం ఇష్టం లేదు. మంచి సెట్టు ధర మా నెల ఖర్చులో సగం దాకా ఉంటుంది."

మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, ఇంకా ఎన్నేళ్లు అన్న రెండు సంఖ్యలూ మీరే ఇచ్చారు. టైర్ల గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది ధర చెప్తారు, కంపెనీ పేరు చెప్తారు, ఈ రెండూ మాత్రం చెప్పరు. కానీ జవాబంతా ఆ రెండు సంఖ్యల్లోనే ఉంటుంది.

ముందు లెక్క చేద్దాం. ధరలు ఊరికో రకంగా ఉంటాయి కాబట్టి మంచి ఆల్ సీజన్ సెట్టు, అంటే నాలుగు టైర్లూ కలిపి, 100 అనుకోండి. చవక సెట్టు 60. ఏది కొన్నా బిగింపు, బ్యాలెన్సింగ్ (చక్రం బరువు అన్ని వైపులా సమం చేయడం), అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కలిపి ఇంకో 10 వేసుకోండి. ఈ 10ని చాలామంది లెక్కలోకి తీసుకోరు, చవక టైరు కొన్నప్పుడు ఇది త్వరత్వరగా మళ్లీ మళ్లీ పడుతుందని గుర్తించరు.

చవక సెట్టు 35,000 కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. 70ని 35తో భాగిస్తే వెయ్యి కిలోమీటర్లకు 2 పడింది. మంచి సెట్టుకు 110 పెట్టారు కాబట్టి అదీ వెయ్యికి 2 పడాలంటే 55,000 రావాలి. అంతకంటే ఎక్కువ వస్తే మంచిదే మీకు చవక. రాకపోతే చవకదే చవక.

మరి 55,000 వస్తుందా? ఇక్కడ ఇన్ని కిలోమీటర్లు వస్తుందని కంపెనీ ఇచ్చే వారంటీ అంకెను ఉన్నదున్నట్టు నమ్మకండి. కొత్త టైరులో ట్రెడ్ సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు, వారంటీ లెక్క ఆ 1.6 దాకా అరిగేవరకూ వేసేది. మీలా వానలో తిరిగేవాళ్లు అంతదాకా ఆగకూడదు. నీళ్లను పక్కకు తోసే గాడుల లోతు తగ్గేకొద్దీ టైరు నీటి మీద తేలడం మొదలవుతుంది, బ్రేకు తొక్కినా కారు ఆగాల్సినచోట ఆగదు. అందుకే నేను 3 మిల్లీమీటర్ల దగ్గరే ఆయుష్షు అయిపోయినట్టు లెక్కేస్తాను. అంటే వాడుకోగలిగేది 6.4 కాదు, 5 మాత్రమే, సుమారు 78 శాతం. 70,000 వారంటీ ఉన్న సెట్టు మీకు 55,000 దగ్గర పడుతుంది. మీ నాలుగేళ్ల తిరుగుడు 56,000. దాదాపు సరిపోయింది!

అదే చవక సెట్టు రెండున్నరేళ్లకే అయిపోతుంది, ఇంకోటి కొనాలి, మొత్తం 140. కారు అమ్మే రోజుకు ఆ రెండో సెట్టులో సగం కంటే కాస్త తక్కువ మిగిలి ఉంటుంది కానీ కొనేవాళ్లు దానికి పెద్దగా ఏమీ కలిపి ఇవ్వరు. కాబట్టి మీ నాలుగేళ్లకు మంచిది 110, చవకది 140. మీరు వచ్చే ఏడాదే కారు అమ్మేస్తానని రాసి ఉంటే నేను తిరగేసి చెప్పేవాణ్ని, చవకదే తీసుకోండి, కాకపోతే తడి రోడ్డు మీద పట్టు బాగున్నది చూసి తీసుకోండి అని.

ఇప్పుడు షాపువాళ్లు చెప్పిన రెండు సెట్ల మాట. వాళ్లు మోసం చేస్తున్నారని నేను అనను, రెండు సెట్లు పెట్టుకుంటే డబ్బు రెట్టింపు అవుతుందనుకోవడం కూడా పొరపాటే. ఒక సెట్టు తిరుగుతున్నప్పుడు రెండోది అరగదు కదా. రబ్బరు ఖర్చు నిజానికి ముందే కట్టేస్తున్నారంతే. అదనంగా పడేది రెండో సెట్టు రిమ్ములు (టైరు బిగించే లోహపు చక్రాలు), ఏడాదికి రెండుసార్లు మార్పించే కూలి, ఇంట్లో చోటు లేకపోతే దాచే అద్దె. అయితే ముందే కట్టిన ఆ రబ్బరును మొత్తం వాడుకునేదాకా కారు మీ దగ్గర ఉండాలి, టైరు ముసలిది కాకుండా ఉండాలి. మీ విషయంలో చూడండి. రెండు సెట్లు బిగింపుతో 220, రిమ్ములు 60 అనుకుంటే 280, నాలుగేళ్లలో ఎనిమిది మార్పులు ఒక్కోటి 4 చొప్పున 32, మొత్తం 312. ఒక్క సెట్టుతో పోలిస్తే 202 ఎక్కువ, అంటే ఏడాదికి 50. పైగా కారు అమ్మేనాటికి రెండు సెట్లలోనూ సగం రబ్బరు అలాగే మిగిలిపోతుంది.

ఇదే మనిషి కారును ఎనిమిదేళ్లు ఉంచుకుంటే? ఆల్ సీజన్ అయితే రెండుసార్లు కొనాలి, 220. రెండు సెట్ల దారిలో 344. తేడా 124, ఏడాదికి 15 కొద్దిగా పైన. చూశారా, అవే టైర్లు, అవే ధరలు, ఏళ్లు మారేసరికి లెక్క ఎంత మారిపోయిందో. కాకపోతే అప్పటికి ఆ టైర్లకు ఎనిమిదేళ్లు వస్తాయి, ఆరేళ్లు దాటితే మార్చమని చాలా కార్ల కంపెనీలు చెప్తాయి, రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, పగుళ్లు వస్తాయి. అందుకే తక్కువ తిరిగేవాళ్లకు రెండు సెట్లు డబ్బు దండగ. ఏడాదికి 25,000 తిరిగేవాళ్లకు, మంచు దారిలో రోజూ పనికి వెళ్లాల్సినవాళ్లకు మాత్రం నేను రెండు సెట్లే చెప్తాను, వాళ్లకు అరుగుదలే ముందు వస్తుంది, ముసలితనం కాదు.

ఇక మీ ముగ్గురు డ్రైవర్ల మాటలు. ముగ్గురూ నిజమే చెప్పి ఉంటారు.

బ్రహ్మాండం అన్నాయన ఎన్ని కిలోమీటర్ల తర్వాత ఆ మాటన్నారో అడగండి. గుండు టైర్లు తీసేసి కొత్తవి వేయించుకున్న మొదటి నెలలో ఏ టైరైనా బ్రహ్మాండంగానే ఉంటుంది. నేను 30,000 దాటినవాళ్ల మాటకే విలువ ఇస్తాను, అదీ మీ కారంత బరువున్న కారు నడిపేవాళ్లదైతే. బరువు ఎక్కువైనా, ఎలక్ట్రిక్ కారులా ఒక్కసారిగా లాగే బండైనా టైరు త్వరగా అరుగుతుంది.

ఏడాదిన్నరకే హోరు వచ్చిందన్నవాళ్లను రొటేషన్ చేయించారా అని అడగండి. ముందు టైర్లూ వెనక టైర్లూ ఒకేలా అరగవు, సుమారు 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి స్థానాలు మార్చకపోతే ట్రెడ్ దిమ్మెలు రంపం పళ్లలా వంకరగా అరుగుతాయి, ఆ చప్పుడే వాళ్లు విన్నది అయ్యుండొచ్చు. అలైన్‌మెంట్ తప్పినా, గాలి తక్కువున్నా ఇదే కథ. టైరు మంచిది కాదని తిట్టేముందు ఇవి చూసుకోవాలి.

ఐసు మీద జారిందన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆల్ సీజన్ అన్న పేరే చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. 1977లో గుడ్‌ఇయర్ అమెరికాలో టియెంపో పేరుతో ఈ రకం టైరు తెచ్చినప్పుడు ఏటా రెండుసార్లు టైర్లు మార్చే బాధ తప్పడమే జనానికి నచ్చింది. కానీ ఒకే రబ్బరు మండుటెండలోనూ గడ్డకట్టే చలిలోనూ సమానంగా పనిచేయదు. వేసవి టైరు సుమారు 7 డిగ్రీల కిందకు వెళ్తే బిగుసుకుంటుంది, చలికాలపు టైరు ఎండలో మెత్తబడి త్వరగా అరుగుతుంది, ఆల్ సీజన్ ఈ రెంటికీ మధ్య రాజీ. అందులోనూ రెండు రకాలున్నాయి. పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్ (M+S, బురద, మంచు అని అర్థం) అని మాత్రమే ఉంటే అది ట్రెడ్ తీరును బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునే గుర్తు, దానికి పరీక్ష అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు బొమ్మ ఉంటే అది మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిన టైరు. 2015లో మిష్‌లిన్ క్రాస్‌క్లైమేట్ వచ్చాక ఈ గుర్తున్న ఆల్ సీజన్ టైర్లు బాగా పెరిగాయి. మీకు నేను చెప్పేది ఈ రకమే. అయినా ఆ పరీక్ష తొక్కుడుపడిన మంచు మీద చేసేది, అద్దంలాంటి ఐసు మీద బ్రేకు వేసి చూసేది కాదు. ఐసు కట్టిన ఉదయం బండి తీయకుండా ఉండగలిగితేనే ఈ సలహా మీకు వర్తిస్తుంది. తప్పనిసరిగా వెళ్లాల్సిన ఉద్యోగమైతే, దారిలో ఏటవాలు రోడ్డుంటే, నేను పైన వేసిన 202 తేడాను పక్కన పెట్టి చలికాలపు సెట్టు కొనండి. ఒక్క ప్రమాదం ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు, మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు.

వాయిదాల సంగతి. 110ని ఏడాదికి 24 శాతం వడ్డీతో 12 వాయిదాల్లో కడితే నెలకు 10.4 చొప్పున మొత్తం 125 అవుతుంది. అంటే మంచి టైరు లాభసాటి కావడానికి 55,000 కాదు, 62,500 రావాలి. మంచిది కొన్నందుకు మిగలాల్సిన 30లో సగం వడ్డీకే పోయింది. వడ్డీ లేని వాయిదాలంటే కూడా, ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి, తగ్గింపు ఉంటే అదే మీరు కడుతున్న వడ్డీ.

కాబట్టి ఎమర్జెన్సీ ఫండు నుంచే తీయండి. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, ఆ డబ్బు కూడబెట్టడానికి ఎంత టైమ్ పట్టిందో మీకే తెలుసు. కానీ నాలుగు నెలల నిల్వ మూడున్నర అవుతుంది, పది నెలల్లో సెట్టు ధరలో పదో వంతు చొప్పున తిరిగి నింపేయొచ్చు. వానలో ఆగని కారు పెట్టుకుని ఫండు చెక్కుచెదరకుండా ఉందని సంతోషపడలేం. అది నిండాక నెలనెలా సెట్టు ధరలో నలభయ్యో వంతు టైర్ల పేరుతో విడిగా పెట్టండి, తర్వాతి సెట్టుకు ఈ టెన్షన్ ఉండదు.

కొనేటప్పుడు కొన్ని చూసుకోండి. పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడు చివర నాలుగంకెలు ఉంటాయి, 3524 అంటే 2024లో 35వ వారం తయారైందని. బాగా పాత సరుకైతే వద్దనండి, తగ్గింపు ఇచ్చినా సరే, ఆరేళ్ల గడువులో కొంత అప్పటికే కరిగిపోయి ఉంటుంది. యూరప్‌లో అమ్మే టైర్ల లేబుల్ మీద తడి రోడ్డు పట్టుకు ఏ నుంచి ఈ దాకా అక్షరం ఉంటుంది, మీకు ముఖ్యమైంది అదే. అమెరికా లెక్కలో ఉండే ట్రెడ్‌వేర్ అంకె, అంటే అరుగుదలను ఎంత తట్టుకుంటుందో చెప్పేది, కంపెనీలు తామే ఇచ్చుకునేది, ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికైతే ఉపయోగమే. నాలుగూ ఒకేసారి మార్చండి, ముఖ్యంగా నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండైతే. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చూడండి, టైరు మీద రాసి ఉండేది గరిష్ఠం. చలి పెరిగేకొద్దీ గాలి తగ్గుతుంది, సుమారు ప్రతి 5, 6 డిగ్రీలకు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున, అందుకే నెలకోసారి చూడాలి.

వారంటీ విషయంలో నా అనుభవం చెప్తాను. 80,000 వారంటీ ఉందని కొన్న సెట్టు నాకు 50,000కే అయిపోయింది. మిగిలిన 30,000కు లెక్కకట్టి, ధరలో మూడో వంతుకు పైగా తర్వాతి సెట్టులో తగ్గించాలి. షాపులో రొటేషన్ బిల్లులు అడిగారు. ప్రతిసారీ చేయించాను, ఒక్క బిల్లూ దాచలేదు, పైసా తగ్గలేదు. ఆ డబ్బు పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. అందుకే కొన్న రోజే బిల్లు మీద మీటరు రీడింగు రాయించుకుని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, ఆ తర్వాత రొటేషన్ చేయించిన ప్రతిసారీ అదే పని చేయండి.

మూడు నెలలు ఉందని ఆగకండి, మొదటి చలి మొదలవగానే అందరూ ఒకేసారి షాపుకు వస్తారు, మీకు కావలసిన సైజులో ఆ కొండ గుర్తున్న టైరు దొరక్క ఉన్నదేదో వేయించుకోవాల్సి వస్తుంది. ఈ నెలలోనే చూసి తీసుకోండి.