గెలవలేమని తెలిసీ జపాన్ అమెరికా మీదికి ఎందుకు వెళ్లింది?

తనకంటే ఎన్నో రెట్లు బలమైన అమెరికా మీద 1941లో జపాన్ దాడి చేయడం పిచ్చితనమా, లేక అమెరికా చమురు ఆపేసి రెచ్చగొట్టిందా అని అడిగారు. నన్నడిగితే రెండూ కాదు. చైనాలో ఇరుక్కుపోయి, బయటపడే దారి ఉన్నా పరువు అడ్డొచ్చి, ఇంకా లోపలికి వెళ్లింది. ఆ ఇరుక్కోవడం కూడా 1941లో మొదలైంది కాదు, దానికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

నేను చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి కాదు. ఉద్యోగం మీద కొన్నేళ్లు టోక్యోలో ఉన్నాను, అప్పుడు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది. ఇంకో కారణం ఇంట్లోనే ఉంది. మాది శ్రీకాకుళం వైపు. మా ముత్తాత రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి రేవులో మూటలు మోసినవాడు. జపాన్ వాళ్లు బాంబులు వేయడంతో నడిచి వచ్చేశాడని మా అమ్మమ్మ చెప్పేది. "వాళ్లకీ మనకీ ఏం తగువురా?" అని కూడా అడిగేది. మీ ప్రశ్న చూస్తే అదే గుర్తొచ్చింది.

1890లో జపాన్ మొదటి పార్లమెంటులో ప్రధాని యమగాట అరిటోమో ఒక ప్రసంగం చేశాడు. దేశానికి రెండు గీతలుంటాయన్నాడు. ఒకటి సొంత సరిహద్దు. రెండోది, ఆ సరిహద్దు భద్రంగా ఉండాలంటే మన పట్టులో ఉండాల్సిన పొరుగు ప్రాంతం. అప్పటికి ఆ పొరుగు కొరియా. వినడానికి సబబుగానే ఉంది. కానీ కొరియాను మింగేశాక అదే సొంత సరిహద్దు అయిపోతుంది. దాన్ని కాపాడటానికి మంచూరియా (చైనా ఈశాన్య ప్రాంతం) కావాలి, మంచూరియాను కాపాడటానికి ఉత్తర చైనా కావాలి. గట్టు తగాదా పోతుందని పక్క చేను కొంటే, దానికీ ఒక గట్టు, అవతల ఇంకో పొరుగువాడు ఉంటాడు కదా!

అలాగని వాళ్ల భయం ఉత్తదేమీ కాదు. 1853లో అమెరికా యుద్ధనౌకలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాకే జపాన్ తలుపులు తెరిచింది. ఆ తర్వాత కుదిరిన ఒప్పందాల వల్ల తన దిగుమతుల మీద సుంకం ఎంతో తానే నిర్ణయించుకునే హక్కు 1911 దాకా పూర్తిగా దక్కలేదు. 1895లో చైనాను ఓడించి, మంచూరియా దక్షిణాన ఉన్న లియావోడాంగ్ ద్వీపకల్పం తీసుకుంటే రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి "వెనక్కి ఇచ్చెయ్" అన్నాయి. ఇచ్చేసింది. మూడేళ్లు తిరక్కుండానే అక్కడి పోర్ట్ ఆర్థర్ రేవును రష్యా తన చేతిలోకి తీసుకుంది. ఇది చూసిన జపాన్ పిల్లలకు స్కూల్లో వేరే పాఠం అక్కర్లేదు. పెద్ద దేశాల న్యాయం ఏమిటో అర్థమైపోయింది.

1904–05లో మంచూరియా నేల మీద రష్యాతో యుద్ధం చేసి గెలిచింది. ఇక్కడ ఒక విషయం మన పాఠాల్లో సరిగా చెప్పరు. గెలిచిన దేశంలోనే అల్లర్లు జరిగాయి. రష్యా నుంచి నష్టపరిహారం రాలేదని 1905 సెప్టెంబరులో టోక్యో జనం హిబియా పార్కు దగ్గర మొదలుపెట్టి పోలీసు చౌకీలను తగలబెట్టారు. జనానికి పన్నుల భారం తెలుసు, ఇంటికి రాని కొడుకులు తెలుసు, కానీ ఖజానా ఖాళీ అయిందని, ఇంకొంతకాలం యుద్ధం చేసే శక్తి లేదని ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి మంచూరియా అంటే "లక్షమంది ప్రాణాలు, రెండు వందల కోట్ల యెన్లు పోసి సంపాదించిన నేల" అనే మాట పాతుకుపోయింది. ఆ మాటకు ఎదురు చెప్పి ఏ నాయకుడూ ఎన్నికల్లో నిలబడలేకపోయాడు. తర్వాత తర్వాత ప్రాణాలతో కూడా నిలబడలేకపోయాడు. 1932 మేలో ప్రధాని ఇనుకాయ్‌ని నావికాదళ యువ అధికారులు ఆయన నివాసంలోనే కాల్చి చంపారు.

వేరే దారి చెప్పినవాళ్లు లేకపోలేదు. ఇషిబాషి తంజాన్ అనే పత్రికా సంపాదకుడు 1921లోనే లెక్కలు వేసి చూపించాడు. కొరియా, తైవాన్, లియావోడాంగ్ మూడూ కలిపినా వచ్చే వ్యాపారం కంటే ఒక్క అమెరికాతో చేసే వ్యాపారమే ఎక్కువ అన్నాడు. వలసలన్నీ వదిలేద్దాం, సైన్యం ఖర్చు మిగులుతుంది, ఆసియా మనల్ని నమ్ముతుంది అని రాశాడు. నాకు ఈ మనిషంటే చాలా గౌరవం. యుద్ధం అయ్యాక 1956లో ప్రధాని కూడా అయ్యాడు. కానీ 1930ల్లో ఆయన వాదన కాళ్లు విరగ్గొట్టింది మిగతా సామ్రాజ్యాలే. ఆర్థిక మాంద్యం రాగానే ఎవరి సామ్రాజ్యం చుట్టూ వాళ్లు సుంకాల గోడలు కట్టుకున్నారు. అమెరికాలో పట్టు ధర పడిపోయి జపాన్ రైతు కుదేలయ్యాడు. మన దేశంలోని బ్రిటిష్ ప్రభుత్వం 1933లో జపాన్ నూలు బట్టల మీద సుంకాన్ని 75 శాతానికి పెంచింది. కోపంతో జపాన్ మిల్లులు మన పత్తి కొనడం మానేశాయి. వ్యాపారంతో బతుకుదాం అన్నవాడి మాట అప్పుడు ఎవరు వింటారు? "చూశారా, సొంత సామ్రాజ్యం లేనివాడికి దిక్కు లేదు" అన్న సైనికుల మాటే చెల్లింది.

1931 సెప్టెంబరు 18న మంచూరియాలోని ముక్డెన్ నగరం దగ్గర రైలు పట్టాల మీద చిన్న పేలుడు జరిగింది. జపాన్ సైనికాధికారులే పెట్టి, చైనా మీద నెట్టి, మంచూరియా మొత్తం ఆక్రమించారు. టోక్యో ప్రభుత్వం ఆదేశించలేదు, కానీ తర్వాత ఒప్పుకుంది. నానాజాతి సమితి తప్పుపడితే 1933లో సమితి నుంచే తప్పుకుంది. 1937 జూలైలో బీజింగ్ పక్కన మార్కో పోలో వంతెన దగ్గర చిన్న కాల్పులు పూర్తి యుద్ధమయ్యాయి. ఒక నెలలో తేలిపోతుందని యుద్ధమంత్రి సుగియామ చక్రవర్తికి మాటిచ్చాడు. నాలుగేళ్లయినా తేలలేదు. 1941 సెప్టెంబరులో అదే సుగియామ వచ్చి పసిఫిక్ యుద్ధం కొన్ని నెలల్లో ముగిస్తామంటే చక్రవర్తి హిరోహితో పాత మాట గుర్తు చేశాడు. చైనా లోపలి భూభాగం చాలా పెద్దదని సుగియామ నసిగాడు. చైనా పెద్దదైతే పసిఫిక్ ఇంకా పెద్దది కాదా అని చక్రవర్తి అడిగాడు. జవాబు లేదు. అయినా యుద్ధం ఆగలేదు.

ఎందుకు ఆగలేదో అక్టోబరు 14 మంత్రివర్గ సమావేశంలో అప్పటి యుద్ధమంత్రి తోజో చెప్పిన మాటల్లో ఉంది. అమెరికా అడిగింది ముఖ్యంగా చైనా నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకోమని. తోజో ఒప్పుకోలేదు. వెనక్కి తగ్గితే చైనాలో చేసినదంతా వృథా అవుతుంది, మంచుకువోకు (మంచూరియాలో జపాన్ పెట్టిన కీలుబొమ్మ రాజ్యం) ముప్పు వస్తుంది, కొరియా కూడా చేజారుతుంది అన్నాడు. యమగాట గీసిన గీతలే, వెనక నుంచి ముందుకు చదువుతున్నాడు. లక్షల మంది చనిపోయాక ఏ ముఖం పెట్టుకుని వెనక్కి వస్తాం అన్నది అసలు మాట. రెండు రోజులకు ప్రధాని కొనోయె రాజీనామా చేశాడు, తోజో ప్రధాని అయ్యాడు.

ఓడిపోతామని తెలియకా? తెలుసు. ఆ వేసవిలోనే ప్రభుత్వం పెట్టిన ఒక సంస్థలో కుర్ర అధికారులు ఓడలు, చమురు, ఉక్కు అన్నీ లెక్కగట్టి, యుద్ధం సుదీర్ఘంగా సాగి జపాన్ ఓడిపోతుందని తేల్చారు. ఆగస్టు చివర్లో తోజో ఎదుటే ఆ సంగతి చెప్పారు. అది కాగితాల మీద లెక్క, రష్యాతో గెలుస్తామని కూడా ఎవరూ అనుకోలేదు అని ఆయన కొట్టిపారేశాడు. ఇక నావికాదళం సంగతి మరీ విచిత్రం. 1907 నుంచి అమెరికాను శత్రువుగా చూపించే బడ్జెట్ తెచ్చుకుంది, సైన్యం రష్యాను చూపించి తెచ్చుకుంది. ఇప్పుడు "అమెరికాతో మా వల్ల కాదు" అంటే ఇన్నేళ్లు ఆ డబ్బంతా ఎందుకు తీసుకున్నారని సైన్యం అడుగుతుంది. అందుకే బహిరంగంగా ఆ మాట అనలేదు.

చమురు సంగతి. జపాన్‌కు కావలసిన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. 1941 జూలైలో జపాన్ సైన్యం దక్షిణ ఇండోచైనాలో దిగగానే అమెరికా తన దగ్గరున్న జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది, ఆగస్టులో చమురు ఆగిపోయింది. నిల్వలు రెండేళ్లకు మించి రావు. దాంతో డచ్ వాళ్ల చేతిలో ఉన్న ఇండోనేషియా చమురు మీద కన్నుపడింది. అక్కడికి వెళ్లే దారిలో బ్రిటన్ సింగపూరు, అమెరికా ఫిలిప్పీన్స్ ఉన్నాయి. హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి ఈ లెక్కలో ఒక భాగం. ఆంక్షలు తొందరపెట్టాయి, నిజమే. కానీ శత్రువు అమ్మే చమురుతోనే చైనాలో యుద్ధం చేస్తూ, ఆపితే అన్యాయం అనడం ఏం న్యాయం?

టోక్యోలో యాసుకుని ఆలయం పక్కన యుషుకాన్ అనే యుద్ధ మ్యూజియం ఉంది. అమెరికా, బ్రిటన్, చైనా, డచ్ కలిసి చుట్టుముట్టాయన్న వాదన అక్కడ బాగా వినిపిస్తుంది. లోపలికి అడుగుపెట్టగానే జీరో అనే జపాన్ యుద్ధవిమానం, నల్లగా మెరిసే ఒక రైలింజను కనిపిస్తాయి. థాయ్‌లాండ్–బర్మా రైలు మార్గంలో నడిచిన ఇంజను అది. ఆ పట్టాలు వేయడానికి మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన కూలీల్లో తమిళులు, తెలుగువాళ్లు వేలల్లో చనిపోయారు. నాతో వచ్చిన జపనీస్ సహోద్యోగికి ఈ సంగతి చెబితే నిజంగానే తెలియదన్నాడు. మ్యూజియం బయట, యుద్ధం అయ్యాక జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో విచారణలో అందరూ నిర్దోషులన్న మన జడ్జి రాధాబినోద్ పాల్ స్మారకం కూడా ఉంది. మనవాళ్లు అక్కడ ఫొటోలు దిగుతుంటారు. అయితే చైనాలోని నాన్‌జింగ్ నగరంలో జపాన్ సైన్యం అకృత్యాలు చేయలేదని పాల్ అనలేదు, సాక్ష్యాలు బలంగా ఉన్నాయనే రాశారు.

ఇక మా అమ్మమ్మ ప్రశ్నకు జవాబు. అప్పటి రంగం జనాభాలో సగానికి పైగా భారతీయులే, రేవు పనిలో తెలుగువాళ్లు ఎక్కువ. అక్కడ 1941 డిసెంబరు 23న బాంబులు పడ్డాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద పడ్డాయి. విశాఖ మ్యూజియంలో ఆ బాంబు ఒకటి చూడొచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కొన్నాళ్లు గుంటూరుకు మార్చారు. మనతో వాళ్లకు తగువేమీ లేదు. చైనాను లొంగదీయాలంటే బర్మా మీదుగా వెళ్లే సరఫరా ఆగాలి, బర్మా నిలవాలంటే బంగాళాఖాతంలో బ్రిటిష్ ఓడలు తిరగకూడదు. అంతే సంగతి.

"జపాన్ ఆసియాను విడిపించడానికి వచ్చింది" అని కింద కామెంట్లలో ఎవరో ఒకరు ఎలాగూ రాస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను. జపాన్ సైన్యంతో కలిసి బర్మాలోకి వచ్చిన బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ 1945 మార్చిలో అదే సైన్యం మీద తిరగబడ్డాడు. అండమాన్‌లో భారత స్వాతంత్ర్యం కోసం పనిచేసిన డాక్టర్ దివాన్ సింగ్‌ను జపాన్ వాళ్లే సెల్యులార్ జైల్లో చిత్రహింసలు పెట్టి 1944 జనవరిలో చంపారు. విడిపించడానికి వచ్చినవాళ్ల పనులేనా ఇవి?