ట్యాబ్‌లో సంతకం పెట్టమంటే?

ప్రశ్న: నాన్నకి కుడి మోకాలి ఆపరేషన్. అంగీకార పత్రం కాగితం మీద కాకుండా ట్యాబ్‌లో ఇచ్చి, వేలితో సంతకం పెట్టమంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: పద్ధతి మంచిదే. అర్థంకాని చేతిరాత కంటే ఆపరేషన్ పేరు, రిస్కులు, వేరే చికిత్సలేమున్నాయో అచ్చులో కనిపించే ఫామే నయం, పైగా ఎవరు ఎప్పుడు సంతకం చేశారో, తర్వాత ఎవరైనా మార్చారో కూడా సరైన సాఫ్ట్‌వేర్‌లో నమోదవుతుంది. కానీ నేరుగా చివరి పేజీ తెరిచి 'ఇక్కడ పెట్టండి' అంటే ఒప్పుకోకండి. పైకి జరిపి 'కుడి' అనే ఉందా చూడండి, రెడీమేడ్ ఫామ్‌లో పాత వివరాలు అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. సర్జన్‌తో మాట్లాడి, సందేహాలు తీరాకే సంతకం. అదీ అర్థం చేసుకునే స్థితిలో ఉంటే నాన్నగారే పెట్టాలి, మీరు కాదు. కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. సంతకం అయ్యాక కూడా ఆపరేషన్ వద్దనుకునే హక్కు ఆయనకుంది, ఆ మాట ఆయనకి ముందే చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది.