రెండంతస్తుల ఇంటి గట్టర్: ముందు నేలమీద నుంచి అయ్యేంత పని చేయండి

మీరు అడిగింది ఇది: చూరు గట్టర్ (కప్పు అంచున వాననీళ్లు పట్టే తొట్టి) నేలనుంచి సుమారు 6 మీటర్ల ఎత్తులో ఉంది, వానపడితే మధ్యలో పొంగి గోడమీదికి కారుతోంది. నిచ్చెన వేసుకుని సొంతంగా శుభ్రం చేసుకోవచ్చా, పైన జాలీ బిగిస్తే ఈ పని తప్పుతుందా?

చేసుకోవచ్చు. కానీ నిచ్చెనతో మొదలుపెట్టకండి. ఆ ఎత్తులో పని చాలావరకు కింద నిలబడే అవుతుంది, మిగిలిన కొద్దిపాటి దానికే నిచ్చెన కావాలి.

నిచ్చెన మీద పనిచేసేవాళ్లు పడిపోవడానికి పెద్ద కారణం పక్కకు వంగడం. ఆకుల ముద్ద చేతికి జానెడు దూరంలో కనిపిస్తూ ఉంటుంది. దానికోసం దిగి, నిచ్చెన జరిపి, మళ్లీ ఎక్కడానికి మనసొప్పదు. ఒళ్లు సాగదీస్తారు. బరువు నిచ్చెన నిలువు కమ్మీ దాటి బయటికి వెళ్లగానే అవతలి కాలు నేలమీద నుంచి లేస్తుంది, ఆ తర్వాత ఆపుకోవడానికి సమయం ఉండదు. కాబట్టి ఎక్కే సార్లు, వంగే అవసరం రెండూ తగ్గించాలి.

ముందు నీళ్లు ఎక్కడ పొంగుతున్నాయో చూడండి. డౌన్‌పైపు (గట్టర్ నీళ్లని కిందికి దించే గొట్టం) దగ్గరే పొంగితే దాని నోరో, కింది ఎల్బోనో (వంపు ముక్కో) పూడిందని అర్థం. మీరు చెప్పినట్టు మధ్యలో పొంగితే అక్కడ మట్టీ ఆకులూ కలిసి కట్ట కట్టి ఉండాలి, లేదా దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ వదులై గట్టర్ అక్కడ కుంగి ఉండాలి. పొడవాటి కర్రకి ఫోన్ గట్టిగా కట్టి, వీడియో ఆన్ చేసి గట్టర్ పొడవునా తిప్పితే ఎక్కకుండానే విషయం తెలిసిపోతుంది. అయితే కర్ర పైకెత్తే ముందు కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూసుకోండి. కర్రకైనా, నిచ్చెనకైనా, మీకైనా తీగలకు కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. ఇంటికి వచ్చే సర్వీసు వైరు చాలాచోట్ల సరిగ్గా చూరు దగ్గరే ఉంటుంది. తడిసిన చెక్క నిచ్చెనలోనూ కరెంటు పారుతుంది, అల్యూమినియం సంగతి చెప్పనక్కర్లేదు.

కింద నుంచి చేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఆకులు పొడిగా ఉంటే తడి, పొడి చెత్త రెండూ పీల్చే వెట్ అండ్ డ్రై వాక్యూమ్‌కి ఒకదానిలో ఒకటి దిగే గొట్టాలు తగిలించి, చివర కొక్కెంలా వంగిన ముక్క పెట్టి పీల్చేయడం మేలు. రెండంతస్తుల దాకా ఇది పనిచేస్తుంది. గొట్టం పొడవు పెరిగేకొద్దీ పీల్చే బలం తగ్గుతుంది కాబట్టి జాయింట్ల దగ్గర గాలి లీకవకుండా టేపు చుట్టండి. గొట్టం నిటారుగా పట్టుకుని అడుగడుగుకీ జరుపుకుంటూ వెళ్లాలి, ఏటవాలుగా పడితే బరువంతా మణికట్టు మీద పడుతుంది. ఇద్దరుంటే ఒకరు గొట్టం పట్టుకోవచ్చు, ఇంకొకరు దూరం నుంచి చూసి చెప్పొచ్చు.

రెండోది, పొడవు పెంచుకునే పోల్ చివర వంకీ తిరిగిన నాజిల్ పెట్టి హోస్ నీళ్లతో కడగడం. పలుచటి బురదకి ఇది సరిపోతుంది, ముద్దలకి సరిపోదు. కొట్టుకొచ్చిన ముద్దంతా డౌన్‌పైపులో దిగబడి, ఉన్న అడ్డంకి రెట్టింపవుతుంది. మురికినీళ్లు నెత్తిమీదే పడతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు. దాని ధార పెంకుల కిందికి నీళ్లు తోస్తుంది, నిచ్చెన మీద ఉండి వాడితే వెనక్కి తన్నే దెబ్బకి అదుపు తప్పుతుంది.

డౌన్‌పైపు పూడితే కింది ఎల్బో స్క్రూలు విప్పి చూడండి, వంపు దగ్గరే చెత్త ఎక్కువగా ఇరుక్కుంటుంది. అక్కడ లేకపోతే హోస్‌ని కింది నుంచి పైకి దూర్చి నీళ్లు వదలండి. పైనుంచి కొడితే అడ్డంకి ఇంకా బిగుసుకుంటుంది. దానికీ రాకపోతే ప్లంబర్లు వాడే స్ప్రింగు తీగ తిప్పుతూ పంపాలి.

ఇక గట్టిపడిన మట్టికి నిచ్చెన ఎక్కాల్సిందే. అది ఎలాంటిదన్నది ముఖ్యం. 6 మీటర్ల గట్టర్‌కి, అంచు పైన మరో 90 సెంటీమీటర్లు ఉండేలా చూస్తే, కనీసం 7 మీటర్లకు పైబడిన, రెండు ముక్కలు జరిపి పొడవు పెంచుకునే ఎక్స్‌టెన్షన్ నిచ్చెన కావాలి. రెండు ముక్కలూ ఒకదానిమీద ఒకటి దాదాపు మీటరు ఎక్కి ఉండాలి. పొట్టి నిచ్చెన చివరి మెట్లమీద నిలబడి అందుకోవడం ఎప్పుడూ వద్దు, పై 3 మెట్లు కాళ్లు పెట్టడానికి కావు. నిచ్చెన మీద రాసి ఉన్న బరువు పరిమితిలో మీ బరువుతో పాటు తడి బకెట్, పనిముట్లు కూడా లెక్కకొస్తాయి.

ఆనించే ఎత్తులో నాలుగో వంతు దూరంలో నిచ్చెన కాళ్లు ఉండాలి, అంటే 6 మీటర్లకి 1.5 మీటర్లు. సరిచూసుకోవడం సులువు: కాలివేళ్లు నిచ్చెన కాళ్లకి ఆనించి నిటారుగా నిలబడి చేతులు చాపితే అరచేతులకి భుజాల ఎత్తులో ఉన్న మెట్టు అందాలి. మెత్తటి నేలైతే రెండు కాళ్ల కిందా వచ్చేలా ఒకే మందపాటి పలక వేయండి. ఒక కాలు ఎత్తుకోసం ఇటుకలు, రాళ్లు పేర్చడం పనికిరాదు.

గట్టర్ మీద నిచ్చెన ఆనించకండి. పీవీసీ పగులుతుంది, అల్యూమినియం సొట్టపడుతుంది, పైగా నున్నటి అంచుమీద నిచ్చెన పక్కకి జారుతుంది. స్టాండాఫ్ అనే రెండు చేతుల చట్రం నిచ్చెనకి బిగిస్తే అది గోడమీదో, గట్టి కప్పుమీదో ఆనుతుంది, నిచ్చెన గట్టర్‌కి ఒక అడుగు దూరంలో నిలుస్తుంది. వెడల్పుగా ఆనడం వల్ల ఊగడమూ తగ్గుతుంది. కొనాల్సినవాటిలో నేను మొదట చెప్పేది ఇదే. పైభాగం ఒక గట్టి ఆధారానికి తాడుతో కట్టే వీలుంటే కట్టండి. కింద ఒకరు నిచ్చెన పట్టుకోవాలి, బకెట్ కిందికి మాత్రం రాకూడదు.

పైన ఉన్నప్పుడు బొడ్డు రెండు నిలువు కమ్మీల మధ్యే ఉండాలి. అది దాటిందంటే దిగి జరపాల్సిన సమయం వచ్చినట్టే. రెండు కాళ్లూ ఒక చెయ్యీ ఎప్పుడూ నిచ్చెనమీదే ఉంచాలంటే రెండో చేతికి ఖాళీ కావాలి కాబట్టి బకెట్‌ని కొక్కెంతో మెట్టుకి తగిలించండి. 10 లీటర్ల బకెట్ సగం నిండగానే తాడుతో దించేయండి, దాన్ని పట్టుకుని దిగొద్దు. గాలి వీస్తున్నా, మెట్లు తడిగా ఉన్నా ఆ రోజుకి ఆపండి.

చెత్త తియ్యడానికి వాన వెలిసి ఒకటి రెండు రోజులైతే మంచిది. పూర్తిగా ఎండితే గట్టిపడి దుమ్ము లేస్తుంది, మరీ తడిస్తే బరువు. మందపాటి చేతితొడుగులు వేసుకోండి, రేకు అంచులూ స్క్రూ మొనలూ కోస్తాయి. పావురాల రెట్ట ఉంటే నీళ్లు చిలకరించి, ఎన్95 మాస్కు పెట్టుకుని తీయండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి జబ్బు తెస్తుంది. కందిరీగల పట్టు ఉందేమో ఎక్కకముందే కింద నుంచి కాసేపు చూడండి, పైన ఉండగా అవి లేస్తే చేతులు వాటంతటవే వదిలేస్తాయి. డౌన్‌పైపు నోట్లో గుడ్డ కుక్కి, అక్కడి నుంచి బయటివైపు ప్లాస్టిక్ తాపీతో తోడుకుంటూ వెళ్లండి. చివర గుడ్డ తీయడం మర్చిపోవద్దు.

కప్పు మీదికెక్కి అంచుకి వంగి తీయడం మాత్రం వద్దు. సిమెంటు రేకులు, వెలుతురు కోసం వేసే ప్లాస్టిక్ రేకులు మనిషి బరువుకి ఉన్నట్టుండి విరుగుతాయి. కొక్కెం వేసే గట్టి ఆధారం, హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీలు), వేలాడినా వెంటనే దించేవాళ్లు లేనప్పుడు ఆ పని వృత్తివాళ్లకి వదిలేయండి.

ఖాళీ అయ్యాక డౌన్‌పైపుకి దూరంగా ఉన్న చివర నీళ్లు వదలండి. ఎక్కడైనా నిలిచిపోతే అక్కడ వాలు లేదన్నట్టు. ప్రతి 3 మీటర్లకి దాదాపు 6 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. మీ గట్టర్ మధ్యలో కుంగి ఉంటే కారణం బరువే కావచ్చు. 12 సెంటీమీటర్ల వెడల్పు, 8 లోతు ఉన్న 10 మీటర్ల గట్టర్ నిండితే 96 లీటర్లు, అంటే 96 కిలోల నీళ్లు, మట్టి కలిస్తే ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు శుభ్రం చేసినంత మాత్రాన ఆగదు, అక్కడ బ్రాకెట్ మళ్లీ బిగించాలి, ఒకటి అదనంగా వేయాలి.

జాలీ విషయానికొస్తే, పెద్ద ఆకుల చెట్లుంటే బాగా పనికొస్తుంది, పని తగ్గుతుంది, కానీ పూర్తిగా తప్పిపోదు. సన్నటి ఆకులూ పూతా పెద్ద కన్నాల జాలీలోంచి దిగిపోతాయి. కన్నాలు మరీ సన్నవైతే పైనే పొరలా కట్టి నీళ్లు గట్టర్ దాటి కిందికి దూకుతాయి. బిగించేముందు గట్టర్ పూర్తిగా ఖాళీ చేయండి, ముక్కలుగా విప్పి తీయగలిగే రకమే తీసుకోండి.