పైపులైను దిశ మారితే లాభం ఎవరికి?

ప్రశ్న: అమెరికాలో సీవే అనే ముడిచమురు పైపులైనులో 2012లో ప్రవాహాన్ని ఎదురు దిశకు మళ్లించారని చదివాను. దాంతో కుషింగ్‌లో చమురు ధర పెరిగిందట. రవాణా సులువైతే ధర తగ్గాలి కదా? – ఒక పాఠకురాలు

జవాబు: తగ్గాలి నిజమే, కానీ సరుకు చేరే చోట. అది బయల్దేరే చోట పెరుగుతుంది. శుద్ధి కర్మాగారానికి చమురు కొనే ఉద్యోగంలో ఉన్నప్పుడు పొద్దున్నే నేను మొదట చూసేది ఈ రెండు చోట్ల ధరల మధ్య తేడానే.

ఓక్లహోమాలోని కుషింగ్‌లో ఎటు చూసినా చమురు ట్యాంకులే. అమెరికా చమురు ధరకు కొలమానమైన డబ్ల్యూటీఐ రకానికి ముందస్తు ఒప్పందాల (ఫ్యూచర్స్) కింద సరుకు అప్పగించేది అక్కడే. టెక్సస్ తీరంలోని ఫ్రీపోర్ట్ నుంచి సుమారు 500 మైళ్ల సీవే, ఓడల్లో దిగిన చమురును అక్కడికి తోడిపోసేది. ఆ తర్వాత ఉత్తర డకోటా, కెనడా చమురు కుషింగ్‌కు వెల్లువెత్తింది. అక్కడినుంచి తీరానికి చాలినంత పైపు లేదు. రైళ్లు, లారీలకు కిరాయి ఎక్కువ. చిక్కుపడ్డ సరుకుకు కొనేవాడు చెప్పిందే ధర. 2011 అక్టోబరులో డబ్ల్యూటీఐ, ప్రపంచ ధరకు కొలమానమైన బ్రెంట్ చమురు కంటే బ్యారెల్‌కు 25 డాలర్లకు పైగా చౌకగా అమ్ముడైంది.

ఆ చౌక వాహనదారులకు అందిందా? లేదు. నాకు బాధ కలిగించేది ఇదే. మధ్యపశ్చిమ రాష్ట్రాలకు అక్కడి కర్మాగారాల పెట్రోలు సరిపోదు; మిగతాది తీరం నుంచి రావాలి. తీరంలో ధర బ్రెంట్ వెంట నడుస్తుంది, బంకు ధరను అదే నిర్ణయిస్తుంది. కాబట్టి తేడా అంతా కర్మాగారాల లాభంలోకే పోయింది.

2011 నవంబరు 16న సీవేలో కోనోకోఫిలిప్స్ చమురు కంపెనీకున్న సగం వాటాను పైపులైన్ల కంపెనీ ఎన్‌బ్రిడ్జ్ 115 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు, మిగతా సగం ఉన్న ఎంటర్‌ప్రైజ్ సంస్థతో కలిసి దిశ మారుస్తున్నట్టు ప్రకటించారు. ఒక్క చుక్క కదలకముందే, ఆ రోజే డబ్ల్యూటీఐ 100 డాలర్లు దాటింది. రేపు దారి తెరుచుకుంటుందంటే ఈరోజు ఎవరూ అగ్గువకు అమ్ముకోరు.

పంపింగ్ స్టేషన్లలో గొట్టాల అమరిక మార్చి, ఒకవైపే తెరుచుకునే కవాటాలను తిప్పి బిగించి, 2012 మేలో రోజుకు 1.5 లక్షల బ్యారెళ్లతో మొదలుపెట్టారు. 2013 జనవరిలో సామర్థ్యాన్ని 4 లక్షలకు పెంచారు. అప్పుడే అసలు ఇబ్బంది బయటపడింది. ఫ్రీపోర్ట్ పక్కన జోన్స్ క్రీక్‌లో చేరిన చమురును అంత వేగంగా బయటికి పంపే వీలు లేక, ప్రవాహం తగ్గించాల్సి వచ్చింది. ధరల తేడా మళ్లీ పెరిగింది. అందుకే ఏ పైపులైను వార్త చదివినా దాని చివర ఏముందో చూడమంటాను.

తేడా పూర్తిగా మాయమవదు. పైపు కిరాయి కంటే తగ్గితే కొత్తగా సరుకు పంపడం ఎవరికీ గిట్టదు. పైగా, అమెరికా ముడిచమురు ఎగుమతులపై ఆంక్షలు 2015 డిసెంబరులో గాని తొలగలేదు. అప్పటిదాకా తీరానికి చేరిన తేలిక చమురు అక్కడి కర్మాగారాల దగ్గరే పోగుపడి, బ్రెంట్ కంటే చౌకైంది.